అన్న పేరుకు వదిన హాజరు

మొన్న నేను బతికే ఉన్నానని బ్యాంకులో రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. పింఛను తీసుకునే వాళ్ళకు ఏటా తప్పని తంతు ఇది. మోకాళ్ళు మొరాయిస్తాంటే, కాగితాల మీద సంతకాలు పెట్టి మా అబ్బాయి చేతికిచ్చి పంపినా. కౌంటర్లో కూర్చున్న పాప "మీ నాయనే రావల్ల సార్. ఆయన బదులు మీరొస్తే ఆయన బతికుండాడని నాకెట్ల తెలుస్తాది?" అని తిప్పి పంపిందంట. మావాడు ఇంటికొచ్చి చిందులు తొక్కినాడు. నాకేమో నవ్వు పట్టుకునింది. నవ్వి నవ్వి కండ్లల్లో నీళ్ళొచ్చినాయి. మా ఇంటామె గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చి, "ఏం పుట్టిందప్పా ఈ మనిషికి?" అనింది. "ఏం లేదు, యాడికి వదిన గుర్తొచ్చింది" అన్నా. అంతే, ఆమె కూడా తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఏమీ అర్థంకాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసిన మావాడికి ఆ పొద్దు చెప్పిన సంగతే మీకూ చెప్తాను.

వదినంటే మా పెదనాయన కొడుకు భార్య. తాడిపత్రి దిక్కున యాడికి అని ఒక ఊరుంది, అది దాటినాక మూడు మైళ్ళు పోతే వాళ్ళ పల్లె. మా విశ్వాసుల ఇండ్లు అక్కడ ముప్పై ఉంటే ఎక్కువ. ఆ ముప్పై ఇండ్ల వాళ్ళూ గనుల దగ్గర మిగిలిపోయిన నాపరాళ్ళు అడుక్కొని, ఆడామగా నెత్తిన మోసి కట్టుకున్న చర్చి ఒకటుంది. గోడలూ రాళ్ళే, కప్పూ రాళ్ళే, కింద పరిచినవీ రాళ్ళే. ఎండాకాలం పదకొండు గంటల ఆరాధనకు కూర్చుంటే, పెనం మీద జొన్నరొట్టె పడే బాధ ఏందో తెలిసొచ్చేది. అయినా ఆ చర్చి అంటే వాళ్ళకు ప్రాణం. ఏ రాయి ఎవరు మోసినారో వేలు పెట్టి చూపిస్తారు. వదిన మోసిన రాయి గడప దగ్గరుంది. కాపురానికొచ్చిన నెలలోనే మోసిందంట. ఎవరైనా దాని మీద గట్టిగా కాలు పెడితే "మెల్లిగప్పా, అది నాది" అనేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ చర్చికే ముప్పు వచ్చింది. అయ్యగారికి, అంటే అక్కడి పాస్టరుగారికి, తొమ్మిది పల్లెలు, ఒక పాత మోపెడ్డు. నెలకొక ఆదివారం ఈ పల్లెకు రాగలిగితే గొప్ప. మిగతా ఆదివారాలు నడిపించే ముసలి ఉపదేశి కాలం చేసినాక, జనం నాలుగు పాటలు పాడుకొని, ఒకరి మొకం ఒకరు చూసుకొని ఇంటికి పోయేవాళ్ళు. అప్పుడు పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పల్లెకొక మనిషిని పంపండి, ఏడాది పాటు నెలకొక శనివారం ట్రైనింగు ఇస్తాం, ఆరాధన నడపడం, వాక్యం చెప్పడం, రోగుల్ని చూడబోవడం అన్నీ నేర్పిస్తాం, పరీక్ష పెడతాం, ట్రైనింగైన మనిషి లేని పల్లెను యాడికి సంఘంలో కలిపేస్తాం అని దాని సారాంశం. కలిపేస్తే ఏముంది? కీళ్ళ నొప్పుల ముసలోళ్ళు ఎండలో మూడు మైళ్ళు నడుస్తారా? చర్చికి తాళం పడినట్లే. పల్లె వాళ్ళు రెండు దినాలు తర్జనభర్జన పడి మా అన్న పేరు రాసి పంపినారు. ఎందుకంటే అన్నకు తెల్ల చొక్కా ఉండాది. అంతకు మించి కారణం నాకైతే కనపడలేదు.

తరగతులు తాడిపత్రిలో జరిగేవి. నేను అక్కడే బడిపంతులుగా ఉన్నా. చేతిరాత గుండ్రంగా ఉందన్న పాపానికి హాజరు పుస్తకం నా నెత్తిన పెట్టినారు. పాఠం చెప్పేది ఒక రిటైరైన అయ్యగారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, మా ఎండలకు ఎండి, ఇక్కడే నిలిచిపోయిన మనిషి. మేమందరం ఆయన్ను మాస్టరుగారనేవాళ్ళం. బల్ల మీద ఒక అలారం గడియారం పెట్టుకునేవారు. ప్రసంగం పది నిమిషాలు దాటగూడదని ఆయన పట్టు. పది నిమిషాల్లో చెప్పలేనివాడు గంటలో కూడా చెప్పలేడండీ అనేవారు. గంట మోగితే ఎంత గొప్ప మాట మధ్యలో ఉన్నా దిగిపోవాల్సిందే. పాపం, చాలామంది గంట మోగకముందే మాటలైపోయి, ఎప్పుడు మోగుతుందా అని దాని వైపే చూస్తూ నిలబడేవాళ్ళు.

అన్న మొదటి తరగతికి వచ్చినాడు. రెండో తరగతి నాటికి చెనిక్కాయ పైరు మాడిపోయింది. సగం పల్లె బెంగుళూరు బస్సెక్కింది, అన్న కూడా కట్టడం పనికి పోయినాడు. ఆ శనివారం మాస్టరుగారు అన్న పేరు పిలిస్తే, వెనక బెంచీ నుంచి "వచ్చినా!" అని ఆడగొంతు వినిపించింది. అందరం వెనక్కు తిరిగినాం. ఒళ్ళో సద్దిమూట పెట్టుకొని వదిన కూర్చునుంది. గది గది అంతా గొల్లుమనింది. నేను ఆమె పక్కకు పోయి, "వదినా, ఇది కూలిపని కాదు, ఒకరి బదులు ఇంకొకరు రావడానికి" అన్నా. వదినకు నా మాట బొత్తిగా నచ్చలేదు. "ఏమప్పా, కరువు పనిలో మస్టర్లో, ఆ కూలోళ్ళ పట్టీలో, మీయన్న పేరుంటే నేను పోయి తట్ట మోయలేదా? మట్టి గట్టు మీద పడిందా లేదా అని సూస్తారు గానీ, ఎవురు మోసినారని సూస్తారా? పేరుండాది, మనిషొచ్చింది. రాసుకో" అనింది. వచ్చే నెలకు పై ఆఫీసుకు జాబు రాసి పేరు మార్పిద్దాంలే అనుకొని, అన్న పేరు ఎదురుగా హాజరు వేసినా. వచ్చే నెల కూడా అట్లే అనుకున్నా. బద్ధకస్తుడికి నెలలన్నీ వచ్చే నెలలే. మూడో నెలకు నవ్వేవాళ్ళు తగ్గినారు. క్రిస్మస్ నాటికి, అన్న పేరుకు వదిన పలకడం సూర్యుడు తూర్పున లేచినంత మామూలైపోయింది.

వదిన ఏడో తరగతి దాకా హాస్టల్లో చదువుకునింది. పుస్తకం తెరిస్తే వేలు కిందపెట్టి మెల్లిగా చదివేది గానీ, చదివింది ఒక్క ముక్క వదిలేది కాదు. ఒకసారి మాస్టరుగారు, జబ్బుపడిన మనిషి ఇంటికి పోతే మీరు మొదట ఏం చేస్తారు అని ఒక్కొక్కరినీ లేపి అడిగినారు. ఒకరు ప్రార్థన అన్నారు, ఒకరు పాట అన్నారు, ఒకరు వాక్యం చదువుతామన్నారు. వదిన లేచి, "ముందు ఇల్లు ఊడుస్తా సార్. జొరంతో పండుకున్న మనిషి ఇంట్లో మూడు దినాల కసువుంటాది. పొయ్యి మీద ఇన్ని నీళ్ళు పెట్టి, ఆనక ప్రార్థన చేస్తా" అనింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్టరుగారు జేబులోంచి పెన్ను తీసి ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నారు. పాఠం చెప్పేవాడు రాసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఏడాది గడిచింది, పరీక్ష అయింది. అందరికంటే మంచి మార్కులు మా అన్నకొచ్చినాయి! బెంగుళూరులో ఇటుకలు మోసే మా అన్నకు! సర్టిఫికెట్లు ఇచ్చేదానికి పై ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. అన్న పేరు పిలవంగానే వదిన అలవాటు చొప్పున "వచ్చినా!" అని కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని స్టేజీ ఎక్కింది. పెద్దాయన కాగితం చూసినాడు, ఆమెను చూసినాడు, కాగితం వెనక్కు తీసుకున్నాడు. నేను పరుగెత్తిపోయి, తప్పు నాది సార్, పేరు మార్పించకపోయింది నేనే అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "రికార్డు రికార్డే. ఈ పేరున్న మనిషి వచ్చే ఆదివారం మీ చర్చిలో ఆరాధన నడిపి చూపించాలి. లేకుంటే మీ పల్లెలో ట్రైనింగైన వాళ్ళు లేనట్లే" అన్నాడు. వదిన కుచ్చిళ్ళు వదిలేసి స్టేజీ దిగొచ్చింది. బస్టాండుకొచ్చినాక ఏడ్చింది. "నాకు కాగితం రాకపోతే పోనీ మర్దీ. నేను చేసిన పనికి చర్చికి తాళం ఏస్తారంట గదా" అనింది. నా చేతిరాతను, నా బద్ధకాన్ని నేను ఆ పొద్దు తిట్టుకున్నట్లు ఎప్పుడూ తిట్టుకోలేదు. నిజంగా సిగ్గుతో చచ్చినా.

ఫోను చేసి అన్నను రప్పించినాం. గోళ్ళ సందుల్లో సిమెంటుతోనే దిగినాడు. మూడు దినాలు వదిన పిండి పిసుకుతా చెప్పేది, అన్న పక్కన కూర్చొని అప్పజెప్పేవాడు. నాలుగు మాటలు సాగి ఐదో మాట దగ్గర బండి ఆగిపోయేది. "ఇటికెలైతే ఎన్నైనా మోస్తా గానీ, ఈ మాటలు నాచేత మొయ్యనయితాందా?" అని తల పట్టుకునేవాడు. "నీ నోట్లో మన్నుబడ, మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అని వదిన. చూస్తే నవ్వొచ్చేది, ఆదివారం తలుచుకుంటే ఆ నవ్వు ఆరిపోయేది.

ఆదివారం రానే వచ్చింది. జీపులో పెద్దాయన వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. మాస్టరుగారు పక్కన కూర్చొని అలారం గడియారం ఒళ్ళో పెట్టుకున్నారు. పాటలైనాయి. అన్న తెల్ల చొక్కాతో లేచి ముందుకు పోయినాడు. నిలబడినాడు. జనాన్ని చూసినాడు, కప్పు చూసినాడు, గడప దగ్గర రాయిని చూసినాడు. అయిపోయిందిరా దేవుడా అనుకున్నా. అప్పుడు అన్న పెద్దాయన వైపు తిరిగి, వదిన నేర్పించిన ప్రసంగంలో లేని మాటలు చెప్పినాడు. "సార్, కరువు పనిలో మస్టర్లో నా పేరుండె. తట్ట మోసింది ఈయమ్మ. ఆ కూలిబియ్యం తిని నేను గమ్మునుండిపోయినా. ఇప్పుడు వాక్యం గూడా ఆమే మోసి, పేరు నాదంటే నాకు నోరొస్తలేదు. ఏడాది పొడుగునా బస్సెక్కింది ఆమె. నేర్చుకున్నోళ్ళే చెప్పల్ల." అని, ఆడవాళ్ళ వైపు చూసి, "పోమే, నువ్వే చెప్పు" అని వచ్చి మగవాళ్ళలో కూర్చున్నాడు.

వెనక ఎవరో పెద్దమనిషి "ఆడోళ్ళు ముందర నిలబడి వాక్యం చెప్పేదేంది?" అని గొణిగినాడు. పెద్దాయన లేవబోయినాడు. మాస్టరుగారు ఆయన చేతి మీద చెయ్యేసి, "పది నిమిషాలే కదండీ. ముందు వినండి, తరువాత మీరు ఏమన్నా అందురు" అని గడియారానికి కీ తిప్పినారు. వదిన లేచి కొంగు సర్దుకొని ముందుకు పోయింది.

కరువులో ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన విధవరాలి సంగతి ఎత్తుకునింది. ఆ సంగతి నేను చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నా. గుప్పెడు పిండి, చుక్క నూనె, అవి తరగకపోవడం, అంతే గదా. వదిన అది కాదు పట్టుకునింది. "అందరూ పిండి పిండి అంటారు. ఆయప్ప ముందు పిండి అడగలేదు, నీళ్ళడిగినాడు. వానల్లేక ఏరు ఎండిపోయిన కాలంలో, ముక్కూమొకం తెలీని మనిషి నీళ్ళడిగితే, ఆయమ్మ ల్యాకపాయె అనలేదు. యా ఊరప్పా నీదని అడగలేదు. తెచ్చేదానికి ఎనక్కి తిరిగి పోతాండాది. అట్ల పోతాంటేనే పిలిచి రొట్టె అడిగినాడు. మనం ట్యాంకరు కాడ బిందెలతో కొట్టుకునేటోళ్ళం. మనకు తెల్దా, కరువులో పిండి కంటే నీళ్ళు ఇచ్చేది ఎంత కష్టమో? దేవుడు పరీక్ష పెట్టింది పిండి కాడ కాదు. ఆయమ్మ నీళ్ళకు తిరిగింది సూడండి, ఆడనే పాసయిపోయింది." ముందు వరసలో ఒక ముసలమ్మ "అవునే తల్లీ!" అని గట్టిగా అరిచింది. గొణిగిన పెద్దమనిషి ముందుకు జరిగి కూర్చున్నాడు. మాస్టరుగారి కండ్లు తడిసినాయి. నలభై యేండ్లు ఆ పాఠం చెప్పినా, నీళ్ళ మాట నాకు తట్టనే లేదండీ అని తరువాత అందరి ముందరా ఒప్పుకున్నారు.

వదిన ఇంకా చెప్తానే ఉంది, గడియారం మోగింది. ట్రైనింగు అట్లాంటిది, వదిన మాట ఠక్కున ఆగిపోయింది. దిగబోయింది. అప్పుడు పెద్దాయన చెయ్యి చాచి, మాస్టరుగారి ఒళ్ళోని గడియారం తీసుకొని, దాని నోరు మూసి, "నువ్వు చెప్పమ్మా" అన్నాడు. చర్చి చర్చి అంతా ఒక్కసారి చప్పట్లు! ఆరాధనలో చప్పట్లు కొట్టగూడదని ఎవరికీ గుర్తులేదు. నేనూ కొట్టినా, అరచేతులు మండేటట్లు కొట్టినా. ఆరాధన అయినాక పెద్దాయన నా దగ్గర హాజరు పుస్తకం అడిగి తీసుకొని, అన్న పేరు మీద గీత కొట్టి, పక్కన వదిన పేరు తన చేత్తో రాసి సంతకం చేసినాడు. రికార్డు రికార్డే గదా సార్ అని అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఆ పొద్దు నాతో వచ్చిన మా ఇంటామె గిల్లింది.

రెండు నెలలకు వదిన పేరుతో సర్టిఫికెట్ వచ్చింది. ఆ పల్లెలో మళ్ళీ ఏ ఆదివారమూ ఆరాధన ఆగలేదు. మరుసటి యేడు తొమ్మిది పల్లెల నుంచి వచ్చిన పట్టీలో సగం ఆడవాళ్ళ పేర్లే. పాఠం చెప్పేవాళ్ళలో వదిన కూడా ఒకతె. అన్న బెంగుళూరు మానుకున్నాక చర్చిలో గంట కొట్టే పని తీసుకున్నాడు. ఎవరడిగినా, "గంట నాది, వాక్యం ఆయమ్మది" అని మహా గర్వంగా చెప్పుకుంటాడు.

మావాడికి ఇదంతా చెప్పి, మరుసటి దినం ఆటో ఎక్కి నేనే బ్యాంకుకు పోయినా. కుర్చీలో కూర్చొని చూస్తావుంటే ఆ పాప నా పేరు పిలిచింది. మోకాళ్ళు పట్టుకొని లేచి, "వచ్చినా!" అన్నా. ఎంత గట్టిగా అన్నానంటే బ్యాంకులో అందరూ వెనక్కు తిరిగి చూసినారు. ఏండ్ల తరబడి వేరేవాళ్ళ పేర్లకు హాజరు వేసుకుంటూ బతికినవాణ్ణి. పైన దేవుడు నా పేరు పిలిచేనాటికి నా గొంతు కూడా వదిన గొంతులాగా వెనక బెంచీ నుంచి ముందుదాకా వినపడితే చాలు.