చెయ్యి అడ్డం పెడితే

నా యారాలి మీద నాకు అసూయ. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. లేకపోతే ఇక చెప్పబోయేదంతా ఆ హోటలు వాళ్ల మీద కోపంలాగా కనిపిస్తుంది. వాళ్ల మీద కోపం లేదని కాదు, బోలెడుంది. కానీ దాని వేరు ఇక్కడుంది.

యారాలంటే తోడికోడలు, మా మరిది భార్య. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. నేను ఎం.ఏ. చదివి, బీఈడీ చేసి, కడపలో ఒక ప్రైవేటు బడిలో గొంతు చించుకుని తెలుగు పాఠాలు చెబుతున్నాను. ఆమె పదో తరగతి రెండుసార్లు తప్పింది. మా మరిది నాపరాళ్ల వ్యాపారం పుణ్యమా అని ఇప్పుడు అదే ఊళ్లో సొంతింట్లో ఉంటుంది, సొంత కారులో తిరుగుతుంది. వాళ్లింటి బండలు ఎంత నునుపంటే, తల వంచి నడిస్తే మన మొహం మనకే కనిపిస్తుంది. నాకైతే ఆ ఇంట్లో నా మొహం ఎప్పుడు చూసుకున్నా మాడిపోయే ఉంటుంది.

అదంతా ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే, మా అత్త నోట్లో ఆమె మాట.

అత్త ఒక నెల మా ఇంట్లో, ఒక నెల వాళ్లింట్లో ఉంటుంది. ఇద్దరు కొడుకులూ మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి అది. ఆ నెల మొదటి రోజు వాళ్ల కారు దిగి, చేతిసంచీ ఇంకా కింద పెట్టనైనా లేదు, మొదలుపెట్టింది. చిన్నకోడలు తనను బైపాసు మీద కొత్తగా కట్టిన పెద్ద హోటలుకు తీసుకుపోయిందట. అద్దాల లిఫ్టులో నాలుగో అంతస్తుకు ఎక్కించిందట. "ఆడ కడుపునిండా తింటి మ్మే" అంది. ఇరుగమ్మతో అదే మాట, పాలవాడితో అదే మాట, ఫోన్లో కోయిలకుంట్లలో ఉన్న వాళ్ల చెల్లెలితోనూ అదే మాట. ఇరవై రెండేళ్లుగా ఆమెకు నేను వండి పెడుతున్నాను కదా, కడుపునిండా తింటినని ఒక్క పాలవాడితోనైనా చెప్పిందా? వింటున్నప్పుడల్లా నా ఒళ్లు భగ్గుమనేది.

అది చాలదన్నట్టు ఫోటో ఒకటి. ఆ రోజు మా మరిది తీసి స్టేటస్‌లో పెట్టాడు. అందులో అత్త కూర్చుని నోరంతా తెరిచి నవ్వుతోంది. పక్కన మా యారాలు ఎర్రచీర కట్టుకుని నిలబడి ఉంది. ఆమె భుజం వరకే ఉంది ఫోటోలో, చేతులు కనపడవు. నేను ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చేసి చూశాను. హోటలంతా కూర్చుని తింటుంటే ఈమె ఒక్కతే నిలబడి చీర చూపించుకుంటోంది, ఏం వేషమమ్మా అనుకున్నాను. మా ఆయనకు చూపించి అనేశాను కూడా. ఆయన కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి, "ఆ యమ్మితో నీకేం పోటీ మ్మే" అని మళ్లీ పేపర్లో తల దూర్చాడు.

పోటీయే. ఎందుకు కాదు? నేనూ అదే హోటలుకు తీసుకుపోతాను, అదే తినిపిస్తాను, అత్త పోయి వాళ్లింట్లో కూర్చుని, నా పేరు చెప్పి, ఆ చిన్నదాని ముందర "కడుపునిండా తింటి" అనాలి. నాకు కావలసింది అదొక్కటే. ఇంత చిన్న కోరికా అని మీరు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ఆ నెలంతా నేను పాఠం చెబుతున్నా, గిన్నెలు తోముతున్నా దాని గురించే ఆలోచించాను.

వారం ముందే హోటలుకు ఫోన్ చేసి, నెలాఖరు ఆదివారం మధ్యాహ్నానికి కిటికీ పక్కన టేబుల్ కావాలని చెప్పాను. పెద్దావిడ వస్తోంది, కాస్త చూసుకోండి అని కూడా చెప్పాను. అలాగే మేడం అన్నారు, ఎంత తీయగా అన్నారో. ఆ ఆదివారం మా ఆయన ఆఫీసు పనిమీద కర్నూలు పోయాడు. అదీ మంచిదే అనుకున్నాను, తీసుకుపోయిన పేరు పూర్తిగా నాదే అవుతుంది కదా.

గేటు దగ్గరే మొదలైంది. ఆటోలు లోపలికి రాకూడదట, కార్లకే దారి. ఎండ నెత్తి మీద పెటపెటలాడుతోంది. గేటు నుంచి మెట్ల దాకా అత్త కొంగు తల మీద వేసుకుని మెల్లగా నడుస్తుంటే, మా వెనక నుంచి ఒక తెల్ల కారు హారన్ కొట్టి మమ్మల్ని పక్కకు జరిపి మెట్ల దాకా పోయింది. అందులోంచి ఆరుగురు దిగారు, అందరివీ ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టలే. పైకి పోయి చూద్దును కదా, నేను చెప్పి పెట్టుకున్న కిటికీ టేబుల్ దగ్గర వాళ్లే కూర్చున్నారు.

మాకు వంటింటి తలుపు పక్కన చూపించారు. ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా అత్త వీపుకు వేడిగాలి కొడుతోంది. నేను ఫోన్ చేసిన సంగతి చెబితే, నల్ల ఏప్రాన్ కట్టుకున్న సర్వరు ఒకడు చేతిలోని పలకలాంటి దాంట్లో చూసి, అలాంటిదేమీ లేదని ఇంగ్లీషులో చెప్పాడు. నీళ్లు ఏ రకం కావాలో కూడా ఇంగ్లీషులోనే అడిగాడు. తాగేవి అన్నాను.

యారాలు ఏం తెప్పించిందో అదే తెమ్మన్నాను. రాగి సంగటి, నాటుకోడి పులుసు. ముప్పావుగంట పట్టింది. ఆలోపల కిటికీ టేబుల్‌కు ముగ్గురు సర్వర్లు, ఒకడు నీళ్లు పోయడానికి, ఒకడు మూతలు తీయడానికి, ఇంకొకడు ఉత్తినే వంగి నవ్వడానికి. నాకు వాళ్ల కూరల మీద కాదు, ఆ వంగి నవ్వేవాడి మీద కన్ను పడింది. మా అత్త ముందు ఒక్కసారైనా వంగితే వాడి నడుమేమైనా విరుగుతుందా?

చివరికి తెచ్చారు. పళ్లెమని నల్లటి బండముక్క పెట్టారు. అది మా మరిది అమ్మే నాపరాయే, కాస్త నునుపు చేశారంతే. దాని మీద నిమ్మకాయంత సంగటి ముద్ద. అత్త దాన్ని చూసి, నన్ను చూసింది. పులుసు గిన్నె మా టేబుల్ మీద పెట్టలేదు, నాలుగడుగుల దూరంలో గోడవారగా ఒక చెక్క బల్ల ఉంటే దాని మీద పెట్టుకుని, అక్కడినుంచి తెచ్చి వడ్డించడం వాళ్ల పద్ధతి. సర్వరు ఒక గరిటె వేశాడు. రెండో గరిటె ఎత్తాడు. అత్త పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టి, "చాలప్పా, చాలు" అంది.

వాడు "ఓకే మేడం" అని గిన్నె మళ్లీ ఆ బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా అత్త పుట్టిన ఇంట్లో, మెట్టిన ఇంట్లో, మా అమ్మ ఇంట్లో కూడా, తినేవాళ్లు చెయ్యి అడ్డం పెట్టేది వద్దని కాదు. ఇంకా కావాలని నోరు తెరిచి అడగడం మర్యాద కాదు కనుక పెడతారు. వడ్డించేవాళ్లు ఆ చేతిని లెక్కచేయకూడదు. "ఇంతేనా, ఇంకొంచెం" అంటూ వేళ్ల సందుల్లోంచైనా వెయ్యాలి, మూడుసార్లు వెయ్యాలి. కొత్త కోడలిగా నేను వచ్చిన మొదటి రోజు నిజంగానే చాలత్తా చాలని రెండు చేతులూ అడ్డం పెడితే, మా అత్త నా వేళ్ల మీదే వేడి పులుసు పోసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే తిన్నాను. కోతల కాలంలో యాభైమందికి వడ్డించిన చెయ్యి అది. తన వాకిట్లో ఏ మనిషి చెయ్యీ పళ్లెంలో ఎండనివ్వలేదని ఆమెకు పేరు.

ఆ మనిషి ఆ రోజు చెయ్యి ఎండబెట్టుకుని కూర్చుంది. నిమ్మకాయంత ముద్ద రెండు పిడచల్లో అయిపోయింది. వేళ్ల మీది పులుసు అట్టకట్టింది. సర్వరు ఇంకోసారి అటుగా వచ్చి ఇంకేమైనా కావాలా అన్నాడు. "ఏమొద్దు నాయనా" అంది అత్త, ఆశగా వాడి మొహంలోకి చూస్తూ. వాడు దండం పెట్టినంత మర్యాదగా తలూపి పోయాడు.

నేను చెయ్యి ఎత్తాను, బడిలో పిల్లలు ఎత్తినట్టు. ఎవరూ చూడలేదు. మళ్లీ ఎత్తాను. అందరి కళ్లూ కిటికీ వైపే. గిన్నె ఆ బల్ల మీద పొగలు కక్కుతూ అలాగే ఉంది. లోపల కుతకుతలాడుతున్నా నేను కుర్చీలోంచి కదల్లేదు. ఇలాంటి చోట్ల ఎలా ఉండాలో తెలిసినదాన్ని కదా, మా యారాలిలాగా లేచి నిలబడి వేషాలు వేస్తానా? వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఇంతలో వాడు వచ్చి అత్త ముందున్న బండను ఎత్తుకుపోయాడు.

అప్పుడు పేలాను. మేనేజర్ని పిలవమన్నాను. టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. పెద్ద మనిషికి సరిగ్గా అన్నం పెట్టలేదని, ఫోన్లో ఒక మాట ఇక్కడ ఒక మాటని కడిగేశాను. అతను ఓపికగా విని, "పెద్దావిడే చాలన్నారు కదా మేడం. మావాడు రెండుసార్లు అడిగినాడు" అన్నాడు.

"చాలంటే చాలని ఎవరప్పా నీకు చెప్పింది? మీదే ఊరు?"

"వేంపల్లె మేడం."

"వేంపల్లెలో మీ అవ్వ చాలంటే గిన్నె ఎత్తుకపోతావా?"

అతను తల దించుకున్నాడు. కిటికీ టేబుల్ వాళ్లు తినడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు, అందులో ఒకామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి, వీటికి డబ్బులక్కర్లేదంటూ రెండు కప్పుల ఐస్‌క్రీం పంపాడు. అత్తకు షుగరు. "పోదాం పామ్మే" అని లేచింది.

ఆటోలో దారి పొడుగునా నేనే మాట్లాడాను. ఆ సర్వర్ని తిట్టాను, ఆ టై వాణ్ణి తిట్టాను, ఆ తెల్లబట్టలవాళ్లను తిట్టాను. మనసులో మటుకు యారాల్ని తిట్టాను. ఆమె కారు చూసి వంగివంగి వడ్డించి ఉంటారు, ఆటోలో వచ్చినవాళ్లకు ఈ గతి. రేపు అత్త అక్కడికి పోయి ఏం చెబుతుంది? అనుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చీర మార్చుకుని చూసేసరికి అత్త వంటింట్లో ఉంది. పొద్దున మిగిలిన అన్నం, గోంగూర పప్పు తనే పెట్టుకుని కింద కూర్చుని తింటోంది. కోడలు ఇంట్లో ఉండగా ఆమె తన చేత్తో తాను వడ్డించుకోవడం నేను ఇన్నేళ్లలో చూడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా నోరు ఊరుకోలేదు, "ఈ మాత్రం దానికేనా అత్తా, కడుపునిండా తింటినని నెల్లాళ్లు చెప్తివి?" అన్నాను.

అత్త ముద్ద కలుపుతూనే చెప్పింది. "అప్పుడూ ఇట్లనే చేసిరి మ్మే. నేను చెయ్యి అడ్డం పెడితి, వాడు గిన్నె ఎత్తుకపాయ. చిన్నమ్మి లేచిపోయి ఆ గిన్నె తెచ్చి తనే ఏసె, ఏళ్ల సందుల్లోనుంచి. అందరూ చూస్తాండారు కూచ్చోమ్మీ అంటే, చూడనీలే అత్తా అనె."

ఎర్రచీర. భుజం వరకే పడిన ఫోటో. కనపడని ఆ చేతుల్లో ఏముందో నాకు అప్పుడు తెలిసింది.

"ఈపొద్దు నువ్వు లేస్తావేమో అని శానాసేపు చూస్తి" అంది అత్త. నిష్ఠూరంగా అనలేదు. వాన వస్తుందేమో అని చూస్తి అన్నంత మామూలుగా అంది.

నేను గబగబా పప్పుగిన్నె అందుకుని గరిటె ఎత్తాను. "చాలమ్మీ" అంది. నేను ఆ చెయ్యి కోసం చూశాను, వేళ్ల సందుల్లోంచైనా వేద్దామని. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. పళ్లెం పక్కకు జరిపి, లేచి చెయ్యి కడుక్కుంది.

మరునాడు పొద్దున్నే కారు వచ్చింది. యారాలు దిగి, అత్త చేతిసంచీ అందుకుంటూ, "అక్కా, హోటల్‌కు పోయినారంటనే. అత్త బాగ తినెనా?" అని అడిగింది. నాకంటే ముందు అత్తే అంది, "తినకేమి, కడుపునిండా తింటి. మీ అక్క శానా బాగ చూసుకునె."

నెలంతా నేను ఎదురుచూసిన మాట. నా పేరుతో, ఆ చిన్నదాని ముందరే అంది. వింటూ గడప పట్టుకుని నిలబడ్డాను.

"అట్లనా!" అని యారాలు మొహమంతా నవ్వింది. అది దొంగ నవ్వేమో అని పరీక్షగా చూశాను. కాదు, నిజంగానే సంతోషపడింది. అది కూడా ఓర్చుకోలేకపోయాను.