పడవ చెక్క కాదది

బందరులో ఆ పెద్ద హోటల్ కొత్త వింగ్‌కి వెళ్తే రిసెప్షన్ కౌంటర్ పక్కన ఒక ఇత్తడి రేకు కనిపిస్తుంది. రేవులో విరిగిన పాత పడవ చెక్కతో ఈ కౌంటర్ చేశారని దాని మీద ఉంటుంది. చూసినవాళ్లంతా అదే చెప్పుకుంటారు. అంచు మీది లోతు గీత చూపించి, లంగరు తాడు ఒరుసుకున్న గుర్తు అంటారు. అబద్ధం. పడవా లేదు, లంగరూ లేదు. ఆ వింగ్ ఇంటీరియర్స్ చేసింది నేను, ఆ కథ అల్లిందీ నేనే. ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను.

అది మోపిదేవి దాటాక, దివిసీమలో మా ఊరి చర్చి బెంచీల టేకు. ఉప్పెన వచ్చిన రాత్రి మా తాతయ్య బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదానికి మా చిన్నత్తయ్యని తాడేసి కట్టాడు. నీళ్లు తీసేసరికి బతికి ఉంది. ఆ గీత ఆ తాడుది.

చర్చికి రిపేర్లు జరుగుతున్నప్పుడు ఆ బెంచీల మీద పూతలు పూతలుగా బ్రౌన్ పెయింట్ ఉంది. గోరుతో గీకితే లోపల తేనె రంగు. హోటల్ పని అప్పటికే ఒప్పుకుని ఉన్నాను, అక్కడే కౌంటర్ నా కళ్లకి కట్టింది. అడిగితే సంఘం పెద్దలు ఇచ్చేవాళ్లేమో. ఎందుకడగలేదు? కాదంటారని భయమా? భయం కాదు. కాదనే హక్కు వాళ్లకుందని ఒప్పుకోవడం నాకిష్టం లేకపోయింది. చెద పట్టిందని చెప్పాను. చదువుకున్నదాన్ని కదా, నమ్మారు.

అత్తయ్య ఒక్కతే వచ్చి బెంచీని తట్టి చూసింది.

"నిజంగా చెదేనంటావా?"

"ఇంటీరియర్స్ నువ్వు చదివావా, నేను చదివానా అత్తయ్యా?"

"నువ్వేలే తల్లీ. నన్ను కట్టింది ఒక్కటి ఉంచవే. వసారాలో వేసుకుంటాను."

"చెద తెచ్చుకుని ఇంటి దూలాలు కూడా తినిపిస్తావా?"

నవ్వేసి ఊరుకుంది. అన్నీ లారీ ఎక్కించేశాను. బదులుగా ప్లాస్టిక్ కుర్చీలు పంపితే, ఆదివారం నా పేరెత్తి ప్రార్థన చేశారట. అది తలుచుకుంటే మాత్రం ముద్ద దిగదు.

కానీ పనిలో వంక పెట్టండి చూద్దాం. పెడన కలంకారీ గోడల ముందు ఆ కౌంటర్ నిలబడినట్టు ఇంకేదీ నిలబడదు. ఇప్పటికీ గర్వమే, దాచను. వడ్రంగి ఆ అంచు చిత్రిక పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. గీత ఏంటని ఓనరు అడిగితే పడవ కథ తడుముకోకుండా వచ్చేసింది.

మొన్న చుట్టాల పెళ్లి రిసెప్షన్ అక్కడే జరిగింది. అత్తయ్య వచ్చింది. రేకు మీద రాసింది నిదానంగా చదివింది. కౌంటర్ అంచు తడుముతూ పోయి, గీతలో వేలు పెట్టి కాసేపు ఆగింది. ఎవరు చేశారని అడిగితే నేనేనన్నాను. బాగా చేశావే అని, భోజనాలకి వెళ్లిపోయింది.

చెప్పేశాను. కాస్త తేలిగ్గా ఉంది, అంతే. క్షమాపణ అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్క సంగతి మాత్రం తేలట్లేదు. అత్తయ్యని అడిగితే తేలిపోతుంది, అడగాలంటే ముందు ఆమెకీ ఇదంతా చెప్పాలి. బాగా చేశావన్న ఆ మాట తెలిసి అందా, తెలియక అందా?