నాచారం అట్ట కుర్చీలు

నాచారంలో కాళ్లూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలున్న ఇళ్లన్నీ రెబెక్కకు తెలుసు. ఏ ఇంటి మెట్లు ఎత్తుగా ఉంటాయో, ఏ తల్లి ఏ షిఫ్టుకు పోతుందో, ఏ పిల్లకు అన్నం ఎంత మెత్తగా పిసికి పెట్టాలో పుస్తకం చూడకుండా చెప్పగలదు. పదమూడేళ్లు ఆ గల్లీల్లోనే తిరిగింది మరి.

వాళ్ల నాన్న జనగామ దగ్గరి పల్లె నుంచి ఇక్కడి దారం మిల్లులో పనికి వచ్చాడు. రెబెక్క పదో తరగతితో చదువు ఆపి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగుకు కుదిరింది. ఆమె తమ్ముడు పుట్టినప్పుడు ఏడవలేదు. మెదడుకు గాలి అందక వాడి ఒళ్లంతా బిగుసుకుపోయింది. పంతొమ్మిదేళ్లు మంచం మీదే పెరిగి మంచం మీదే పోయాడు. అలాంటి పిల్లాణ్ణి కూర్చోబెట్టవచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. అందుకే చిల్కానగర్‌లో ఇలాంటి పిల్లల కోసం ఒక కేంద్రం తెరిచారని విన్నప్పుడు, జీతం తక్కువైనా సరే, రెబెక్క ఫ్యాక్టరీ మానేసి అక్కడ చేరింది.

కేంద్రం ఒక విదేశీ సంస్థ సాయంతో నడిచేది. రెండు గదులు, ఒక ఫిజియోథెరపిస్టు, అన్నీ చూసుకునే బెంజమిన్ సారు, ఇళ్లకు తిరిగే రెబెక్క. రిజిస్టరులో ముప్పై ఒక్క మంది పిల్లలు. వాళ్లలో పదకొండు మందికి ఓడలో వచ్చిన కుర్చీలు ఇచ్చారు. నడుము నిలబెట్టే పట్టీలు, తలకు ఆసరా, కాళ్లకు పీట ఉన్న మంచి కుర్చీలే. కాకపోతే ఒక పట్టీ తెగితే కొత్తది సముద్రం దాటి రావాలి, నాలుగు నెలలు పట్టేది. కేంద్రం పదకొండు నుంచి మూడు దాకా తెరిచి ఉండేది. ఆ వేళకు తల్లులందరూ మిషన్ల ముందు ఉంటారు. ఆదివారం పెడదామని రెబెక్క ఒకసారి అడిగింది. ప్రాజెక్టు కాగితంలో ఆదివారం లేదని బెంజమిన్ బాధగానే చెప్పాడు. ముప్పై ఒక్క మందిలో పన్నెండు మంది వస్తే ఆ రోజు కేంద్రం నిండినట్టే.

రెండువేల ఇరవై ఐదు మార్చిలో ఉత్తరం వచ్చింది. ఆ ఏడు చాలా దేశాలు బయటి దేశాలకు చేసే సాయం తగ్గించుకున్నాయి. ఈ సంస్థకు వాళ్ల సర్కారు ఇచ్చేది సగానికి సగం కోసేసింది. జూన్ ఆఖరుకు చిల్కానగర్ కేంద్రం మూసేయాలి. ఒప్పందం ప్రకారం పదకొండు కుర్చీలూ ఇంకో ఏడాది నడిచే వేరే రాష్ట్రంలోని కేంద్రానికి పోవాలి. బెంజమిన్ ఆ ఉత్తరాన్ని తెలుగులో చదివి వినిపించి, తల్లులకు చెప్పే పని రెబెక్కకు అప్పజెప్పాడు. అతనికి వాళ్ల ముఖాలు చూసే ధైర్యం లేకపోయింది.

రెబెక్కకూ లేదు. వారం రోజులు ఆ మాట కడుపులోనే పెట్టుకుని తిరిగింది. చివరికి ముందుగా స్వర్ణలత ఇంటికే పోయింది.

స్వర్ణలత బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఎనిమిదేళ్ల ఉమ ఆమె కూతురు. కుర్చీ రాక ముందు ఉమకు పడుకోబెట్టే అన్నం పెట్టేవాళ్లు. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి దమ్ము పట్టేది. ఒక్క ఏడాదిలో నాలుగుసార్లు దవాఖానాలో పడింది. ఒకసారి డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు కూడా. కుర్చీ వచ్చాక పిల్ల నిటారుగా కూర్చుని తింటోంది, దగ్గు తగ్గింది. కాబట్టి కుర్చీ పోతుందని చెప్పడమంటే ఏమిటో రెబెక్కకు తెలుసు.

స్వర్ణలత అంతా విన్నది. కూతురి మూతి తుడిచింది. తర్వాత అడిగింది.

"కుర్సీ తీస్కపోతరు, సరే. అది పిల్లకు ఎట్ల అమరుస్తరో నువ్వు సూసినవ్ గద అక్కా?"

"సూసిన. కొలతలు తియ్యొస్తది నాకు. చేసుడు రాదు."

"కొలతలు నువ్వు తియ్. చేసుడు మా మామకు ఇడ్చిపెట్టు."

మామ అంటే స్వర్ణలత భర్త తండ్రి, కనకరాజు. యాభై ఏడేళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా నాచారంలోనే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని. కర్రతో చేయిద్దామని రెబెక్క అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. కర్ర బరువు, పిల్ల పెరిగితే మార్చడం కష్టం అన్నాడు.

"మేం మోటర్లు పంపే పెట్టెలు జేస్తం చెల్లె. ఒక్కోటి రెండొందల కిలోలు మోస్తది. మా పిల్ల ఎంతుంటది? పదహారు కిలోలు."

సూపర్‌వైజరును అడిగి, అంచులు దెబ్బతిని పక్కన పడేసిన మందపాటి అట్టలు మోపెడు ఇంటికి తెచ్చాడు. స్వర్ణలత మైదా జిగురు కాచింది. పొర మీద పొర అంటించి, పైన బరువు పెట్టి రెండు రోజులు ఎండబెడితే అట్ట చెక్కలా గట్టిపడింది. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలుపుదామని కనకరాజు అన్నాడు. పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లు అలాగే చేస్తారు. రెబెక్క ఒప్పుకోలేదు. ఈ పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, విషం కలపొద్దంది. దానికి బదులు రెండు పూతల రంగు వేశారు.

మొదటి కుర్చీ ఎందుకూ పనికిరాలేదు. ఉమను కూర్చోబెట్టిన రెండు నిమిషాల్లో ముందుకు జారిపోయింది. స్వర్ణలత పట్టుకోకపోతే కింద పడేదే. ఆ రోజు రెబెక్క ఇంటికి పోయి అన్నం తినలేదు. తెల్లవారి మళ్లీ వచ్చి, కేంద్రం ఇచ్చిన కుర్చీని తలకిందులు చేసి వేళ్లతో తడిమి చూసింది. దాని సీటు చదునుగా లేదు. ముందు భాగం కాస్త ఎత్తుగా, వెనక భాగం లోతుగా ఉంది. ఇన్నేళ్లు చూసినా ఆ సంగతి ఆమె కంటికి ఆనలేదు. రెండో కుర్చీకి సీటు అలా మలిచారు. ఉమ జారలేదు.

అయినా రెబెక్క భయం పోలేదు. బెంజమిన్ ఫోన్‌లో ఒక మాట అన్నాడు. పిల్ల నడుముకు ఏమన్నా అయితే బాధ్యత ఎవరిదని. అతను బెదిరించడానికి అనలేదు, ఉన్నమాటే అన్నాడు. రెబెక్కకు పట్టా లేదు, సర్టిఫికెట్టు లేదు. తమ్ముడి వంకరపోయిన నడుము కళ్ల ముందు మెదిలేది. డాక్టరు చూసేదాకా ఆ కుర్చీలో ఏ పిల్లనూ కూర్చోబెట్టొద్దని గట్టిగా చెప్పింది.

జూన్ రెండో వారంలో కుర్చీని దుప్పట్లో చుట్టి, ఉమను ఒళ్లో పెట్టుకుని, రెబెక్క, స్వర్ణలత ఆటోలో పెద్ద దవాఖానాకు పోయారు. ఎముకల విభాగంలో డాక్టర్ సూర్యకళ దగ్గరికి చీటీ దొరికింది. ఆమె చూడటం మొదలుపెట్టకముందే బయట ముప్పై మంది లైన్లో ఉన్నారు. దుప్పటి విప్పగానే నర్సు నవ్వింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఉమను కూర్చోబెట్టి తుంటి దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మోకాళ్లు చూసింది. వెనక్కి పోయి వెన్ను మీద వేలితో గీత గీసినట్టు పైనుంచి కిందికి తడిమింది. కుర్చీని పట్టుకుని గట్టిగా ఊపింది.

"కొలతలు ఎవరు తీసిన్రు?"

రెబెక్క ఒక అడుగు ముందుకు వేసింది. "నేనే మేడం."

"ఏం చదివిన్రు?"

"టెన్త్."

డాక్టరు మళ్లీ ఒకసారి తుంటి చూసింది. "కొలతలు కరెక్టున్నయమ్మా. కాళ్ల పీట రెండు వేళ్లు కిందికి దించండి, ముందు ఒక బల్ల పెట్టండి చేతులు ఆనించేటందుకు. మిగతాదంత బాగుంది." తలుపు వైపు చూసి అడిగింది: "బయట బెంచీ మీద ఒక తల్లి కూర్చుంది, మూడేండ్ల బాబు. వాళ్లకొకటి చేసిస్తరా?"

బయటికి వచ్చాక రెబెక్క వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. స్వర్ణలత భయపడి నీళ్లిచ్చింది. నీళ్లు తాగి రెబెక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆమెను చూసి స్వర్ణలతా నవ్వింది, వాళ్లిద్దర్నీ చూసి ఉమ కూడా. మార్చి నుంచి గుండె మీద కూర్చున్న బండ ఆ వరండాలోనే దిగిపోయిందని రెబెక్క తర్వాత ఈ కథ రాసే నాతో చెప్పింది.

జూలై ఒకటి నాటికి కేంద్రానికి తాళం పడింది. పదకొండు కుర్చీలు లారీ ఎక్కాయి. అప్పటికి తొమ్మిది అట్ట కుర్చీలు తయారై ఉన్నాయి, ఆ నెలాఖరుకు మిగతావీ అయ్యాయి. చిల్కానగర్‌లో రెబెక్క వాళ్ల చర్చి పాస్టరు గారు ఆరాధన అయ్యాక హాలు వాడుకోమన్నారు. ఏ రోజు, ఏ వేళ అన్నది తల్లులే కూర్చుని తేల్చుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం, బుధవారం సాయంత్రం ఆరింటికి. డాక్టర్ సూర్యకళ నెలకోసారి వచ్చి పిల్లల్ని చూస్తానంది, వస్తోంది. ఫిజియోథెరపీ చదివే విద్యార్థులు ఆదివారాలు వస్తున్నారు. రెబెక్క పొద్దుటి పూట ఉప్పల్‌లో ఒక క్లినిక్‌లో సహాయకురాలిగా చేరింది, దాంతో ఇల్లు గడుస్తోంది. ఆగస్టు వానలకు రెండు కుర్చీల అడుగు నాని మెత్తబడితే, కనకరాజు పైపుల చివర బిగించే ప్లాస్టిక్ మూతలు కాళ్లకు తొడిగాడు. విచిత్రం ఏమిటంటే, అన్ని హంగులూ ఉన్న రోజుల్లో కేంద్రానికి పన్నెండు మంది రావడమే గగనమైతే, ఇప్పుడు ఈ హాలుకు ఇరవై ఏడు మంది వస్తున్నారు.

నవంబరులో ఆ విదేశీ సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. మూసేసిన కేంద్రాల గురించి ఆఖరి నివేదిక రాయడం ఆమె పని. మూతపడిన గదులు చూడటానికి వచ్చిన మనిషిని బెంజమిన్ చర్చి హాలుకు తీసుకొచ్చాడు. ఆమె చెప్పులు విప్పి చాప మీద కూర్చుంది. బెంజమిన్ తెలుగులో చెబుతుంటే దాచకుండా మాట్లాడింది. పాత రోజులు మళ్లీ రావని, మీకు ఆశ పెట్టనని చెప్పింది. దూరాన ఆఫీసులో కూర్చుని ఇక్కడి పిల్లలకు టైములు పెట్టడం తప్పేమోనని తమలో తాము వాదించుకుంటున్నామంది. తాము ఇంకా ఏమన్నా చేయగలమా అని అడిగింది.

స్వర్ణలత లేచి నిలబడింది.

"ఇన్నేండ్లు మా పిల్లల పేర్లు, బరువులు, ఫోటోలు అన్ని రాస్కున్నరు. ఏ టైముకు రాగలుగుతవమ్మా అని ఎన్నడన్న అడిగిన్రా?"

బెంజమిన్ ఉన్నదున్నట్టే ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె లేదంది. అడగాల్సింది అంది. క్షమాపణ గట్టిగా చెప్పలేదు గానీ పెన్ను పక్కన పెట్టేసింది.

తల్లులు ఆమెను రెండే అడిగారు. కుర్చీల విషయం బాగా తెలిసిన వాళ్ల దేశపు నిపుణులు నెలకోసారి వీడియో కాల్‌లో తమ కుర్చీలు చూసి తప్పులు చెప్పాలి. తమలాగే కుర్చీలు పోయినవాళ్లు ఇంకెక్కడన్నా ఉంటే వాళ్లను ఇక్కడికి పంపాలి, తాము నేర్పుతామన్నారు. రెండోది విని ఆవిడ పక్కన పెట్టిన పెన్ను మళ్లీ అందుకుంది. ఇటువంటిది తమ జాబితాలో లేదని, అయినా అది తమకు చేతనయ్యే పనేనని చెప్పింది.

అడిగిన రెండు విషయాల్లోనూ మాట నిలబెట్టుకుంది. జనవరిలో నేపాల్ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి రెబెక్క ఇంట్లో పది రోజులున్నారు. వాళ్ల ఊళ్లోనూ అదే సంస్థ కేంద్రం మూతపడింది. వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నారు. అట్ట కోయడం, సీటు మలచడం మూడు రోజుల్లో పట్టేశారు. నాలుగో రోజు వాళ్లలో పెద్దావిడ కుర్చీ కాలు పట్టుకుని చూసి, తమ దగ్గరైతే పొరల మధ్య వెదురు బద్ద పెడతామంది. కనకరాజు వెదురు తెచ్చి చేసి చూశాడు. కాలు రెండింతలు గట్టిగా వచ్చింది. ఆయన మస్తు సంతోషపడి, ఇక మీదట అన్ని కుర్చీలకూ అలాగే చేస్తానన్నాడు.

ఉమ ఆ చలికాలం ఒక్క రోజు కూడా దవాఖానాలో పడుకోలేదు.

మొన్నో ఆదివారం నేను ఆ హాలుకు పోయేసరికి నారపల్లి నుంచి కొత్తగా ఒకామె వచ్చి ఉంది. పేరు వెంకటనర్సమ్మ. రెండేళ్ల మనవరాలిని భుజాన వేసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. పిల్ల తల వాలిపోతోంది. చాప మీద కూర్చుంటూనే ఆమె అనుమానం బయటపెట్టింది, పిల్ల రోజురోజుకూ పెరుగుతుంది గదా, ఇయ్యాల జేసిన కుర్సీ వచ్చే ఏడు పడుతుందా అని.

"పట్టకుంటె ఇంకోటి జేద్దాం పెద్దమ్మా. అట్టకు కరువా మనకు?" అంది రెబెక్క. టేపు తీసి, పిల్ల మోకాలి దగ్గర మొదలుపెట్టింది.