ఏడో పళ్లెంలో ఇసుక

మొన్న రాజాంలో పాత సామాన్ల కొట్టువాడు పెట్రోమాక్సు లైటు వెలిగించి చూపించాడు. ఆ బుస్సుమనే చప్పుడు, కిరసనాయిలు వాసన తగలగానే సుభద్రగారు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

అరవైల చివర ఆవిడ కళింగపట్నం తీరంలో పరిశోధన చేసేవారు. నేను బొబ్బిలి నుంచి వచ్చిన కొత్త సహాయకుణ్ణి. వంశధార మోసుకొచ్చే నల్ల ఇసుకలో థోరియం ఉంటుంది. రేడియేషను కొలిచే మీటరు దగ్గర పెడితే టిక్కుటిక్కుమంటుంది. ఏరు సముద్రంలో కలిసేచోటికి అటూ ఇటూ ఇసుక తీసి, పళ్లేల్లో ఆరబెట్టి, ఆ టిక్కులు లెక్కపెడితే, సముద్రం ఇసుకను ఎటు తీసుకుపోతోందో తేలుతుందని ఆవిడ నమ్మకం. కుచ్చెళ్లు ఎగదోపి అలల్లో నిలబడేవారు. నాకా, అలలంటే చచ్చేంత భయం. “నువ్వు సంచీ పట్టుకోవయ్యా, సముద్రం సంగతి నేను చూసుకుంటాను” అనేవారు.

దక్షిణాన తీసిన ఏడో పళ్లెం ఇసుకకు టిక్కులు విపరీతంగా వచ్చాయి. ఇసుక దక్షిణానికే పోతోందని ఆవిడ మురిసిపోయి వ్యాసం రాసి పరిశోధన పత్రికకు పంపేశారు. ఆవిడ డాక్టరేటుకు అదే ఆధారం. మా పడవ నడిపే పోలయ్య మాత్రం నవ్వాడు.

“అదేటమ్మా! మన ఇసక ఉత్తరానికే పోతాది. తెగిపోయిన మా వలలు ఎటు కొట్టుకుపోతాయో సూడు.”

“నీ వలలు మీటర్లా?” అని ఆవిడ కసిరారు.

వారం తరవాత పళ్లేలు కడుగుతుంటే ఏడోదాని అంచున తెల్లటి పొడి కనిపించింది. ఆ ఇసుక ఆరబెట్టిన రాత్రి దాని పైనే నేను పెట్రోమాక్సు లోపల వెలిగే జాలీ తిత్తి, అదే మేంటిలు, మార్చాను; కాలిన పాతది పొడిపొడిగా రాలింది. మేంటిలులోనూ థోరియం ఉంటుందని ఆవిడే చెప్పారు. ఆ పొడి దగ్గర మీటరు పెడితే మోత మోగిపోయింది.

రెండు రోజులు దాచాను, అన్నం సయించలేదు. ఉద్యోగం ఊడుతుందన్న భయం కన్నా, ఆవిడ మొహం ఎలా చూడాలన్న సిగ్గే ఎక్కువ. మూడో రోజు అంతా చెప్పేశాను.

“ఎప్పుడు తెలిసింది?”

“మొన్న, మేడమ్.”

“మొన్నే చెప్పుంటే రెండు రోజులు అన్నం తినేవాడివి కదయ్యా!”

అంతే. తిన్నగా పోస్టాఫీసుకు వెళ్లి పత్రికకు తంతి ఇచ్చారు: వ్యాసం ఆపండి, నా పొరపాటు.

“పొరపాటు నాది కదండీ” అన్నాను.

“వ్యాసం కింద సంతకం ఎవరిది? నడు, చాలా ఇసుక తియ్యాలి.”

తీరమంతా మళ్లీ తిరిగాం. దక్షిణాన టిక్కులు పడిపోయాయి, ఉత్తరాన పెరిగాయి. “ఆనాడే సెప్పినాను కదమ్మా” అన్నాడు పోలయ్య. “చెప్పావు బాబూ, నేనే వినలేదు” అన్నారావిడ, మా అందరి ముందూ. డాక్టరేటు రెండేళ్లు ఆలస్యమైంది. నన్ను ఒక్క మాట అనలేదు, మహాతల్లి.

చాలా ఏళ్లకు, నా కింద పదిమంది పనిచేసే రోజుల్లో, నా వ్యాసంలోనూ ఒక తప్పు దొరికింది. ఎవరూ చూడలేదు. ఆ పూటే పత్రికకు ఉత్తరం రాసి నా సంతకం పెట్టాను. ఆవిడ ఉండుంటే చూపించేవాణ్ణి కదా అని మాత్రం ఏడుపొచ్చింది.