కరుణమ్మ గారి పచ్చపొడి

డాక్టరు రాసిచ్చిన డబ్బా మూత బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపులోనే తీశాను. లోపల ఆకుపచ్చ బిళ్ళలు. చెరువు ఎండిపోయేటప్పుడు అడుగున మిగిలిన పాచి ఎండకు కాగితే వచ్చే వాసన గుప్పున కొట్టింది. "చేపలు తిననివాళ్ళకి ఇప్పుడు దీన్నే రాస్తున్నారండి. మంచి బలం" అన్నాడు షాపతను. మూత బిగించి బయటికొచ్చి, మెట్టు మీద కాసేపు కూర్చుండిపోయాను. ఆ వాసన నాకు మొదట చూపించిన మనిషి కరుణమ్మ గారు.

డెబ్బైల్లో ఆవిడ విజయవాడలో మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను ఆవిడ దగ్గరే చదువుకుని, అక్కడే డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. సాయంత్రాలు హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి. బాబాల బూడిద, జాతకాలు, ముహూర్తాలు, దేన్నీ వదిలేవాణ్ణి కాదు. ఆవిడేమో ఆదివారం చర్చి తప్పని మనిషి. నన్ను పేరు పెట్టి కాక "ఉపన్యాసం" అని పిలిచేవారు. పటమటలో ఆవిడ డాబా మీద నాలుగు సిమెంటు తొట్లుండేవి. విడిగా చూస్తే కంటికి ఆననంత సన్నటి పాచిని వాటిలో పెంచేవారు. వెదురుకర్రతో పూటపూటా కలియబెట్టాలి, లేకపోతే అడుగుకు దిగి కుళ్ళిపోతుంది. నీళ్ళు చిక్కగా పచ్చబడ్డాక పలచటి గుడ్డలో వడగట్టి, ఎండబెట్టి, దంచి పొడి చేసేవారు.

"మీరు ప్రార్థన చేస్తే తొందరగా పెరుగుతుందాండీ?" అని ఒకసారి ఎత్తిపొడిచాను.

"పెరగదు. కలియబెడితే పెరుగుతుంది. కర్ర అందుకో, ఉపన్యాసం."

ఆవిడ వాదం సూటిగా ఉండేది. "చేపకి బలం ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా? చిన్న చేప దీన్ని తింటుంది, పెద్ద చేప చిన్నదాన్ని తింటుంది. వలలో పడే చేప ఏటికేడు తగ్గుతోందని జాలర్లే అంటున్నారు. పిల్లచేపల్ని కూడా ఊడ్చేస్తే రేపేం మిగులుతుంది? మొదటి మెట్టు దగ్గరే తినొచ్చుగా." ఆవిడ ఆ పొడి మజ్జిగలో కలుపుకుని తాగేవారు. నేను ముక్కు మూసుకుని తాగేవాణ్ణి. ఆ వాదం మాత్రం నాకు కంఠతా వచ్చేసింది.

డెబ్బై ఏడులో దివిసీమ మీద ఉప్పెన పడింది. రెండు నెలలు గడిచాక ఆవిడతో కలిసి ఒక జాలరిపల్లెకు వెళ్ళాను. బియ్యం బస్తాలు వస్తున్నాయి. గేదెలు కొట్టుకుపోయాయి, పాలు లేవు. పప్పు అరకొర. సముద్రంలో చేప ఉంది, ముట్టేవాళ్ళు లేరు. "మా వోళ్ళు ఆ నీళ్ళలోనే పోయారండి. ఆ చేప నోట్లో ఎట్టా పెట్టుకుంటాం?" అంది నాంచారమ్మ. ఆమె భర్తా కొడుకూ పోయారు. మిగిలింది అయిదేళ్ళ కూతురు మంగ. ఆ పిల్ల పాదాలు ఉబ్బి, జుట్టు రాగిరంగుకు తిరిగింది.

చేప తింటే తప్పేమిటని నేను వాదించబోతే కరుణమ్మ గారు కళ్ళతోనే ఆపారు. జావ కాయించి, చెంచాడు పొడి కలిపి, అందరి ముందూ తాను మొదట తాగారు. "మా డాబా మీద నేను పెంచిన పొడమ్మా. నేనూ రోజూ తాగుతాను." మంగ తాగింది. "మంగకి పచ్చ మీసాలొచ్చినియ్" అని తక్కిన పిల్లలు నవ్వారు. ఆ పల్లెలో నేను నవ్వు వినడం అదే మొదటిసారి. పొడి డబ్బా నాంచారమ్మకిచ్చి వచ్చాం. ఆపైన ఆదివారాలు ఆవిడ చర్చి మాని అక్కడికి వచ్చేవారు. మూడో ఆదివారానికి మంగ పాదాల వాపు కొంచెం తీసినట్టే కనిపించింది.

ఆ రోజే ఒకాయన అడిగాడు. "ఇంతకీ ఏం పొడండీ ఇది?" కరుణమ్మ గారు పక్క పాకలో ఎవరి పుండుకో కట్టు కడుతున్నారు. నేను లేచాను. తెలియకుండా తింటే బాబా బూడిదకూ దీనికీ తేడా ఏముందనుకున్నాను. "ఇది పాచి. నిలవనీళ్ళ మీద పచ్చగా కడుతుందే, దాని జాతే. చేపలు తినేదీ దీన్నే. చేపలో బలం, ఇందులో బలం ఒకటే" అని మొదలుపెట్టి, సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. నాంచారమ్మ కూతురి చేతిలోని గ్లాసు తీసుకుని ఇసుకలో ఒంపేసింది. "అయితే అదీ ఇదీ ఒకటేనన్నమాట" అంది. గొంతులో కోపం కూడా లేదు.

తరవాత ఆ పొడి ఎవరూ ముట్టలేదు. ఎండలు ముదరకముందే మంగ విరేచనాలతో పోయింది.

నేను ఒక పత్రికకు వ్యాసం రాశాను. పేరు "మూఢనమ్మకం మింగిన పసిబిడ్డ". తీసుకెళ్ళి ఆవిడకిచ్చాను. తొట్టి పక్కన నిలబడే చదివారు.

"మూఢనమ్మకం అంటే ఏంటి, చెప్పు."

"పరిశీలించకుండా నమ్మడమండీ."

"నిలవనీళ్ళ పాచి అని నువ్వన్నాకేగా ఆమె గ్లాసు ఒంపేసింది. ఆ పల్లెలో పాచి కట్టిన నీళ్ళు నువ్వు పరిశీలించావా?"

తల అడ్డంగా ఊపాను. "నేనూ చూడలేదు. వాళ్ళని అడగాలని నాకూ తోచలేదు. పద" అన్నారు.

మళ్ళీ అక్కడికి వెళ్ళి అడిగితే, నాంచారమ్మ మమ్మల్ని పల్లె వెనక పల్లంలోకి నడిపించింది. నేల ఎండి ఉప్పు తేలి ఉంది. "ఉప్పెన నీళ్ళు తియ్యటానికి చాన్నాళ్ళు పట్టిందండి. పైనంతా పచ్చగా కట్టేసింది. కర్రల్తో పాచి జరుపుకుంటా ఎతికాం. మా పిల్లోడు ఇదిగో, ఇక్కడ దొరికాడు." ఆ చోటు కాలితో చూపించలేదు. వంగి, చేత్తో తాకి చూపించింది. కరుణమ్మ గారు ప్రార్థన చేస్తారనుకున్నాను. చేయలేదు. ఆమె పక్కన ఆ ఉప్పునేల మీద కూర్చున్నారు.

పొడి ఆపకపోతే మంగ బతికేదా? తెలియదు. ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదు. శాస్త్రం ఒప్పుకునే మాటే అది. నాకు మాత్రం ఊరటకు ఏనాడూ పనికిరాలేదు. వ్యాసం అచ్చుకు పంపలేదు. ఓపిక ఉన్నన్నాళ్ళూ కరుణమ్మ గారు ఆ తొట్లు కలియబెడుతూనే ఉన్నారు. ఎవరికి పొడి ఇచ్చినా ముందు వాళ్ళ ఊరి కథంతా విని, అది పాచేనని చెప్పి మరీ ఇచ్చేవారు. తీసుకున్నవాళ్ళు కొద్దిమందే. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

నేను ఇప్పటికీ హేతువాదినే, ఇప్పటికీ సభలకు పిలుస్తారు. వేదిక ఎక్కగానే ముందు వరసలో ఒకరిని లేపి, ఆనాటి విషయంలో వాళ్ళు చూసింది చెప్పమంటాను. "మాస్టారిలో మునుపటి పస లేదు" అని వెనక కుర్రాళ్ళు గొణుగుతారు. అప్పటికి లేచిన మనిషి ఇంకా చెబుతూనే ఉంటాడు.