బీరువాలో దాచిన క్యాన్

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు మొదటినుంచీ సరదా. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఇలాంటివి నమ్మితే పిల్లలు నవ్వరూ! ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

ఎల్బీనగర్‌లో ఉండే మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. డయాలసిస్ మీద బతుకుతున్నాడు. నాది ఇస్తానన్నాను. అన్నీ కలిశాయి, ఒక్క పరీక్ష మిగిలింది. మూత్రంలో ఆక్సలేట్ ఎక్కువగా ఉంటే రాళ్ళు ఏర్పడే ముప్పు ఉందని నా కిడ్నీ తీసుకోరు.

ల్యాబ్‌లో, ఆక్సలేట్ అడుగున పేరుకోకుండా యాసిడ్ పోసిన పెద్ద క్యాన్ ఇచ్చారు. పొద్దున మొదటిసారి వచ్చింది పారబోసి, అక్కడినుంచి మర్నాడు పొద్దున దాకా వచ్చిందంతా అందులో పట్టాలి. చంపాపేట్ అద్దె పోర్షన్లో నేనొక్కదాన్నే ఉంటాను. శ్రద్ధగా పట్టి ఇచ్చాను.

ల్యాబ్ ఆవిడ ఫోన్ చేసింది. "మేడం, గీ క్యాన్‌ల ఇద్దరిది కలిసినట్టుంది. ఇంట్ల ఇంకెవరన్న పోసిన్రా?"

ఒళ్ళు మండింది. క్రియాటినిన్ అనేది ఒక మనిషికి రోజూ దాదాపు ఒకే మోతాదులో వస్తుంది. నా క్యాన్‌లో దానికి రెట్టింపు ఉందట. ఆక్సలేట్ కూడా అంతే. తప్పు మీదేనని గొడవపడి మళ్ళీ మొదలుపెట్టాను.

ఈసారి పట్టినప్పుడల్లా క్యాన్ మీద పెన్నుతో గీత గీసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. బంగారం పక్కన మూత్రం దాచుకున్న మహాతల్లిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. రోజంతా స్థిమితం లేదు. టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. ఏ గదిలో కూర్చున్నా లేచి వచ్చి బీరువా చూడటమే పని.

సాయంత్రం తెరిస్తే మూత్రం చివరి గీతకన్నా పైన ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉండింది.

రిపోర్టు మళ్ళీ అదే. ఇక ఆపరేషన్ చెయ్యరేమో, తమ్ముడు దక్కడేమోనని ఏడ్చాను. చివరికి డాక్టరు నన్ను ఆసుపత్రిలోనే ఉంచి, నర్సు ముందు పట్టించారు. అక్కడ అంతా మామూలే. నా కిడ్నీ తమ్ముడికి పెట్టారు.

కోలుకున్నాక చెకప్‌కని అదే పరీక్ష ఇంట్లోనే మళ్ళీ చేసుకున్నాను. ఈసారి ఒక్క మనిషిదే వచ్చింది.

ఆ మాట చెబితే తమ్ముడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అక్కా, ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి నాకు ఒక్క చుక్క మూత్రం కూడా రాలేదు కదా," అన్నాడు.

భయం వేయలేదు, ఏడుపొచ్చింది. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రెండోది ఎవరిదని మాత్రం ఎవరినీ అడగడం లేదు.