అరికాలి చుక్క

టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి పిల్లలకు సముద్రం చూపిద్దామని కార్లో బయల్దేరి, దారిలో రెస్ట్ ఏరియాలో ఆగాం. అక్కడ ఒక మెక్సికన్ పెద్దావిడ నా చంకలో ఉన్న ఎనిమిది నెలల పాపను చూసి, "ఎంత ముద్దుగా ఉందో!" అంటూ చెయ్యి చాచింది. కొత్త మనిషి కదా, చటుక్కున వెనక్కి జరిగాను.

"మెచ్చుకున్నాక ముట్టుకోకపోతే నా దిష్టే తగులుతుందమ్మా, ఒక్కసారి తాకనివ్వు," అని వచ్చీరాని ఇంగ్లిష్‌లో బతిమాలింది.

ఇక్కడివాళ్లు ఆ మచ్చేమిటని అడుగుతారని, నేను పాపకు దిష్టిచుక్క బుగ్గన కాకుండా అరికాల్లో పెడుతుంటాను. సాక్స్ తీసి, ఇది దిష్టికేనని చూపించాను. ఆవిడ పకపకా నవ్వి, పాప నుదురు నిమిరింది. తన చూపుకే తాను భయపడి నా బిడ్డను కాచిన మనిషి!

"లేట్ అవుతోంది, ఎక్కు," అని మావారు పిలుస్తున్నా వినకుండా, నాలుగేళ్ల మా బాబును ముందుకు తోశాను.

"ఆంటీ, వీణ్ణి కూడా ముట్టుకోండి."